నీలితెర జాడ్యము – దాని నిదానము

ఇంటి కంప్యూటరు ముందు గూర్చుండి పని చేయుచుండగా తెర యకస్మాత్తుగా నీలవర్ణమై, నాలుగు తెల్లని పంక్తులు కనబడి, అంతలోనే యంత్రము తనంత తాను ఆఱి మఱల వెలుగుట మన ప్రాంతమున ననేకులు చూచియుందురు. ఏడాది కొకమాఱు వచ్చినచో నది లెక్కింపదగినది కాదు. వారమునకు నాలుగుమాఱులు వచ్చునెడల నది జాడ్యము. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాలలో పత్తిచేలకును మిరపచేలకును నడుమనున్న యూళ్లలో నేడు కంప్యూటరు విలాసవస్తువు కాదు. కమీషను కొట్టు పద్దులందుండును. విద్యార్థి వ్రాసికొన్న ప్రాజెక్టు పత్రములుండును. పాసుపుస్తకపు నకళ్లును, గతించిన పెద్దల ఛాయాపటములును నందే యుండును. నీలితెర పదేపదే వచ్చు నింట తఱచుగా జరుగున దేమనగా: పెట్టెను పట్టణమునకు గొనిపోవుదురు, దుకాణమువారు సమస్తమును తుడిచివైచి విండోసును క్రొత్తగా నెక్కించి యిత్తురు, నెల తిరుగకమునుపే నీలితెర మఱల వచ్చును, తుడిచివేయబడిన పత్రములు మాత్రము మఱల రావు. ఈ నష్టము చాలవఱకు తప్పించుకొనదగినది. కావున నింట నొక్క విద్యార్థియైనను ముందేమి చూడవలయునో, తరువాత నేమి చేయవలయునో యెఱిగియుండుట మేలని యెంచి యీ పాఠమును వ్రాయుచున్నాము.

నీలితెర రోగము కాదు, రోగలక్షణము. జ్వరము వచ్చినవానికి జ్వర మెందువలన వచ్చినదో కనుగొనక యొడలు తడిగుడ్డతో తుడిచినంతమాత్రమున నేమి ప్రయోజనము? ఇంకొక ముఖ్యవిషయము: యంత్రమును నిలిపివేయుచున్నది విండోసే, అది తెలిసియే నిలిపివేయుచున్నది. కంప్యూటరులో నడుచు ప్రోగ్రాములు రెండు తరగతులవి. మనము వ్రాసికొనుటకును, చిత్రములు చూచుటకును వాడునవి సామాన్యప్రజల వంటివి. వానిలో నొకటి తప్పు చేసినచో విండోసు దానినొక్కదానిని మూసివేయును. తక్కినవి యథాప్రకారము నడుచును. మెమరీని, డిస్కును, తెరను, కీబోర్డును నేరుగా శాసించు అంతర్భాగమునకు కెర్నెల్ అని పేరు. ఒక్కొక్క పరికరమును నడపుటకై దానితో గలిసి పనిచేయు చిన్న ప్రోగ్రాములకు డ్రైవరులని పేరు. ఈ రెండవ తరగతిలో తప్పు జరిగినపుడు దిద్దుటకు పైన నెవ్వరును లేరు. ఒంటిదారిపై రైళ్లు నడుచుచోట, ముందరి స్టేషనువఱకు దారి ఖాళీగా నున్నదని నిశ్చయముగా తెలియనిచో స్టేషను మాస్టరు బండిని వదలడు; ప్రయాణికులెంత కేకలు వేసినను వదలడు. విండోసు చేయునదియు నదియే. మెమరీలో నున్నది నమ్మదగినది కాదని తెలిసిన పిమ్మట ముందునకు సాగినచో, ఆ చెడిన లెక్కలనే డిస్కుపై వ్రాసి, బాగుగానున్న పత్రములను గూడ చెఱచును. అందుచేత నున్నదున్నట్లుగా నిలిచి, ఆ క్షణమున మెమరీలో నున్న స్థితిలో గొంత భాగమును డిస్కుపై పదిలపఱచి, కారణమును సూచించు మాటల నొకటి రెంటిని తెరపై వ్రాసి, పిదప మఱల మొదలుపెట్టును. కావున నీలితెరను శపింపరాదు, చదువవలయును.

దీని చరిత్రను గూర్చి రెండు మాటలు. నేడు మనమెఱిగిన తీరున నీ తెర 1993లో వెలువడిన విండోసు ఎన్.టి.తో వచ్చినది. 1998 ఏప్రిలు 20వ తేదిని చికాగో నగరమున జరిగిన ప్రదర్శనలో, బిల్ గేట్సు వేదికపై నుండగనే, సహాయకుడు విండోసు 98 నడుచుచున్న కంప్యూటరుకు స్కానరు తగిలించినంతనే సభ యందఱియెదుట నీలితెర ప్రత్యక్షమయ్యెను. క్రొత్త పరికరము తగిలించినపుడు ఏమి జరుగగలదో చూపుట కింతకంటె మంచి యుదాహరణము దొరకదు. 2012లో వచ్చిన విండోసు 8 మొదలు తెరపై దిగులుమొగము గుర్తు చేరినది; 2016లో చౌకపు క్యూ.ఆర్. గుర్తు చేరినది. 2025లో మైక్రోసాఫ్టువారు విండోసు 11లో నీ రెంటిని తీసివైచి తెరను నల్లగా మార్చిరి. కావున మీ యింట క్రొత్త యంత్రముండి నల్లతెర వచ్చినను, దానిపై తెల్లని యక్షరములలో "స్టాప్ కోడ్" అను మాట యున్నచో నది యీ నీలితెరయే. రంగు మాఱినదిగాని గుణము మాఱలేదు.

ఇక చేయవలసిన పని. మొట్టమొదట నొక నోటుపుస్తకము తీసికొనుడు. ఆసుపత్రిలో రోగి మంచమునొద్ద జ్వరపు పట్టిక వ్రేలాడుచుండును గదా. దాని నాధారము చేసికొనియే వైద్యుడు నిర్ణయించును. తెర వచ్చిన ప్రతిసారియు తేది, వేళ, అప్పుడు చేయుచున్న పని, తెరపై "స్టాప్ కోడ్" అను మాట తరువాత నున్న పదములు, దానిక్రింద నేదైన ఫైలు పేరున్నచో ఆ పేరు – ఇవి వ్రాయవలయును. చేత ఫోనున్నచో ఫొటో తీసికొనుట మఱియు సులభము. చదువుటకు వ్యవధి యీయకయే యంత్రము మఱల మొదలగుచున్నచో, సిస్టమ్ ప్రాపర్టీసులో అడ్వాన్స్‌డ్ అను పుటయందు స్టార్టప్ అండ్ రికవరీ క్రింద "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" అనుదాని యెదుటి గుర్తును తీసివేయుడు. అప్పుడు తెర మీరు చదువువఱకు నిలిచియుండును. వ్రాయుట మఱచిన గతదినముల వృత్తాంతమును గూడ యంత్రమే కొంత దాచియుంచును: రిలయబిలిటీ మానిటర్ అను దానిని తెఱచి చూచినచో ఏ దినమున నేమి క్రొత్తగా నెక్కించితిరో, ఏ దినమున కూలినదో పంచాంగమువలె వరుసగా కనబడును. పలుమాఱులు అంతకుమునుపటి దినమున నెక్కించిన దేదో చూచినంతనే సగము నిదానము తేలిపోవును.

రెండవ పని, వైద్యమునకు ముందే చేయవలసినది: తిరిగి సంపాదింపరాని పత్రములను వేఱొక డిస్కునకో, పెన్‌డ్రైవునకో నకలు తీయుడు. యంత్రము వెలుగుచున్నంతకాలమే యీ పని సులభము. డిస్కు చెడుచున్నదేమోయని యనుమానమున్నచో దానిని బాగుచేయు చెక్‌డిస్కు వంటి ప్రోగ్రాములను నడపుటకు ముందే నకలు తీయవలయును. ఏలయన చెడుచున్న డిస్కు నాపాదమస్తకము చదివించుట ముసలియెద్దును దుక్కికి కట్టుట వంటిది. ఆ శ్రమలోనే యది కూలవచ్చును.

తెరపై మాటలకు కొంత యర్థము చెప్పెదము. "మెమరీ మేనేజ్‌మెంట్" అనియు, "పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్‌డ్ ఏరియా" అనియు వచ్చినచో మెమరీని, అనగా ర్యామును, తఱువాత డ్రైవరులను అనుమానింపవలయును. "ఐ.ఆర్.క్యూ.ఎల్. నాట్ లెస్ ఆర్ ఈక్వల్" అనునది సాధారణముగా డ్రైవరు తాను తాకరాని మెమరీ చోటును తాకరాని సమయమున తాకినదని చెప్పును. "డబ్ల్యు.హెచ్.ఇ.ఏ. అన్‌కరెక్టబుల్ ఎర్రర్" అనునది ప్రాసెసరే స్వయముగా చేయు ఫిర్యాదు: వేడిమి, విద్యుత్తు, చెడిన భాగము – వీనివైపు చూడుడు. "కెర్నెల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్" డిస్కువైపును దాని కేబులువైపును చూపును. "వీడియో టి.డి.ఆర్. ఫెయిల్యూర్" తెరను నడపు గ్రాఫిక్సువైపు చూపును. ఈ మాటలు తీర్పులు కావు, సాక్ష్యములు. సాక్షి యొక్కడే యొకే మాట పలుమాఱులు చెప్పినచో, పైగా ప్రతిసారియు నొకే ఫైలు పేరు కనబడినచో, దోషము బహుశః ఒక డ్రైవరునది. ప్రతిసారియు వేఱువేఱు మాటలు వచ్చుచున్నచో డ్రైవరును విడిచి యంత్రభాగములను, అందును ర్యామును, ముందుగా పట్టుకొనుడు. ఈ యొక్క భేదము తెలిసినవాడు సగము దారి నడిచినవాడే.

మేమెఱిగిన యొక యింటి సంగతి చెప్పెదము. పర్చూరు ప్రాంతమున పత్తియు మిరపయు పండించు నొక కుటుంబము. ఫాల్గుణ చైత్రములలో, కల్లములలో మిరపకాయ లారుచున్న దినములలో, వారి కంప్యూటరు మధ్యాహ్నమంతయు కూలుచుండెను; రాత్రి బాగుగనే నడుచుచుండెను. పాలిటెక్నిక్కు చదువుచున్న వారి కుమార్తె పరీక్షకు సమర్పింపవలసిన ప్రాజెక్టు దానిలోనే యున్నది. మదర్‌బోర్డు పోయినదని యొకరు చెప్పిరి. దాని వెల యొక క్వింటాలు మిరపకు తక్కువ గాదు. ఆ బాలిక డబ్బిచ్చుటకు ముందు పది దినములు పుస్తకములో వ్రాసినది. తొమ్మిదిమాఱులు కూలినది, అందేడు పగలు ఒంటిగంటకును నాలుగింటికిని నడుమ. తెరపై మాటలు నాలుగు రకములు. మాటలు మాఱుచున్నవి, వేళ మాఱుటలేదు: అనగా డ్రైవరు కాదు, వేడిమితో బయటపడు భాగమేదో కలదు.

పెట్టెను తెఱచి చూడగా (మనవారు పెట్టెనంతటిని సి.పి.యు. అందురు, నిజమునకు సి.పి.యు. అనగా లోపలనున్న అగ్గిపెట్టెకంటె చిన్నదగు ప్రాసెసరు మాత్రమే) ప్రాసెసరుపై వేడిని వెదజల్లు అల్యూమినియపు రెక్కల నడుమ పత్తినూగు దూదివత్తివలె దట్టముగ పట్టియుండెను. జిన్నింగు మిల్లుల చెంతనున్న యిండ్లలో, పత్తిబోరెములను వరండాలో నిలువచేయు నిండ్లలో నిది సర్వసాధారణము. ఫ్యాను తిరుగుచునే యుండును. గాలి మాత్రము రెక్కలలోనికి దూరదు. శుభ్రము చేసిన పిదప కూలుట తగ్గినది గాని మానలేదు. ఇక్కడ పలువురు విసిగి విడిచిపెట్టుదురు. ఆమె విడువలేదు. పెట్టెలో రెండు ర్యాము పలకలున్నవి. విండోసులోనే యున్న మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్షను ఉదయ మాఱుగంటలకు నడపగా దోషమేమియు కనబడలేదు. అదే పరీక్షను మధ్యాహ్నము రెండుగంటలకు నడపగా దోషము కనబడినది! పిమ్మట పలకల నొక్కొక్కదానిని మాత్రముంచి పరీక్షించినది. ఒకటి నెగ్గినది, ఒకటి తప్పినది. తప్పినదాని యంచుననున్న బంగారువన్నె గీతలను పెన్సిలు రబ్బరుతో మెల్లగ రుద్ది తుడిచి, మఱల పెట్టినను తప్పినది. రెండవ గాడిలో పెట్టినను తప్పినది. నెగ్గిన పలక మాత్రము రెండు గాళ్లలోను నెగ్గినది. దోషము పలకవెంట నడచినదిగాని గాడిలో నిలువలేదు. కావున మదర్‌బోర్డు నిర్దోషి. మంచిపలక యొక్కదానితోనే ప్రాజెక్టు పూర్తిచేసి సమర్పించినది. పిదప కొన్న పలక వెల మదర్‌బోర్డు వెలలో చిన్నపాలు.

ఈ పరిశోధనలో గమనింపదగినది, ఒక్కొక్క దఫా ఒక్క మార్పు మాత్రమే చేయుట. దుమ్ము తుడిచి, ర్యాము మార్చి, విండోసు నెక్కించి – అన్నియు నొకే సాయంకాలమున చేసినవానికి ఏది బాగుచేసినదో తెలియదు. జాడ్యము మఱల వచ్చినచో మఱల మొదటినుండియే.

శుభ్రము చేయుటలో జాగ్రత్తలు కలవు. స్విచ్చి ఆపుటయేగాక తీగను గోడనుండి యూడదీయవలయును. ముట్టుకొనుటకు ముందు పెట్టెయొక్క యినుపభాగమును తాకి యొడలి యందలి స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలయును. మెత్తని కుంచె చాలును. గాలితో నూదునపుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనవలయును. లేనిచో నది మితిమీఱి తిరిగి చెడును. తడిగుడ్డ పనికిరాదు. మిరపయార్డు పరిసరముల నుండి వచ్చిన పెట్టెలను తెఱచునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మఱువకుడు; ఆ యెఱ్ఱని ధూళి పీల్చినవానికి గాని దీని విలువ తెలియదు.

ఎండ తీవ్రమైన వైశాఖజ్యేష్ఠములలో నింకొక భేదమును పాటింపవలయును. మాటలేమియు లేక యంత్రము చటుక్కున చీకటియైనచో నది నీలితెర జాతి కాదు. ప్రాసెసరు మితిమీఱి వేడెక్కినపుడు తన్ను తాను కాపాడుకొనుటకు మొదట నెమ్మదించును, పిదప విద్యుత్తును తెగగొట్టికొనును. కరెంటు తగ్గినపుడు, ఎస్.ఎమ్.పి.ఎస్. అను విద్యుత్తు పెట్టె బలహీనమైనపుడు నిట్లే జరుగును. ఈవెంట్ వ్యూయరులో "కెర్నెల్ పవర్ 41" అను నమోదుండి, అందు బగ్‌చెక్ కోడ్ సున్న యైనచో విద్యుత్తునే యనుమానింపుడు. పక్కదొడ్డిలో మోటారు వేసినపుడెల్ల దీపము మందగించి కంప్యూటరు ఆఱుచున్నచో ర్యామును వెదకుట వ్యర్థము. యు.పి.ఎస్. ఉన్నచో దాని బ్యాటరీ యెన్ని యేండ్లదో చూడుడు. మన యెండలలో నది త్వరగా ముసలిదగును. ఎస్.ఎమ్.పి.ఎస్.లో నుండు కెపాసిటరుల యాయువు పది డిగ్రీల వేడి పెరిగినచో సుమారు సగమగునని యింజనీరులు లెక్కింతురు. కాన పెట్టెను గోడకానించి, గుడ్డ కప్పి, ఫ్రిజ్జు వెనుక నుంచుట తగదు.

భూసంధానము, అనగా ఎర్తు, మన నల్లరేగడి నేలలలో ప్రత్యేకముగా చూడవలసినది. వానలలో నీ నేల నీరు పీల్చి యుబ్బును. ఎండలలో చేయి దూరునంతటి బీటలు వాఱును. తేమ పోయిన నేల విద్యుత్తును సరిగా పుచ్చుకొనదు. బీటలలో కడ్డీ చుట్టును మన్ను విడిపోవును. కంప్యూటరు పెట్టెను వట్టికాలితో నిలిచి తాకినపుడు జివ్వుమన్నచో ఎర్తు లేదని యర్థము. నీలితెరకు నిది తఱచైన కారణము కాకపోయినను, ప్రాణమునకు సంబంధించినది గావున వెంటనే తెలిసిన ఎలక్ట్రీషియనుచేత చూపింపవలయును. ఎండకాలమున ఎర్తుగుంటలో వారమున కొకటి రెండు బిందెల నీరు పోయుట మన పెద్దలెఱిగిన పద్ధతియే, దానిని మానరాదు.

ఇక డ్రైవరులు. క్రొత్త ప్రింటరో, వైఫై ముక్కయో తగిలించిన దినము నుండి మొదలైనచో దానిని తీసివైచి చూడుడు. ఏదైన డ్రైవరును నవీకరించిన తరువాత మొదలైనచో డివైస్ మేనేజరులో "రోల్ బ్యాక్" అనుదానితో పాతదానికి మఱలుడు. ఏదియో తేలనిచో సేఫ్ మోడ్‌లో తెఱవుడు. అందు విండోసు అత్యవసరమైన డ్రైవరులను మాత్రమే పిలుచుకొనును. సేఫ్ మోడ్‌లో దినమంతయు కూలక, మామూలుగా తెఱచినంతనే కూలుచున్నచో దోషము బయటినుండి వచ్చిన డ్రైవరుదో, రెండవ యాంటీవైరసుదో యని రూఢిగా చెప్పవచ్చును. దీని ప్రయోజనము 2024 జూలై 19వ తేదిని లోకమంతయు చూచినది. క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతాసంస్థవారు పంపిన యొక చిన్న ఫైలులోని దోషమువలన, మైక్రోసాఫ్టువారి యంచనా ప్రకారము సుమారు 85 లక్షల విండోసు యంత్రములు నీలితెరతో నిలిచిపోయెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికునికి బోర్డింగు పాసును చేతితో వ్రాసి యిచ్చిరి. అంతటి యుపద్రవమునకును మందు, యంత్రమును సేఫ్ మోడ్‌లో తెఱచి ఆ యొక్క ఫైలును తీసివేయుటయే. తుడిచివైచి మొదటినుండి యెక్కింప నక్కఱలేకపోయెను. అయితే తెఱచుకొనని యంత్రమునకు దూరమునుండి మందు పంపుట కష్టము గనుక, పలుచోట్ల నొక్కొక్కదానియొద్దకు మనిషి పోవలసివచ్చెను.

వెల చెల్లింపక విండోసును తెఱచుటకు కొందఱు దొంగతాళముల వంటి ప్రోగ్రాములు వాడుదురు. అది ధర్మవిరుద్ధమని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇచ్చట చెప్పవలసినది, అట్టివి కొన్ని కెర్నెల్ పరిసరములలోనే జొరబడి కూర్చుండుననియు, వానియుండగా మఱి యే నిదానమును నమ్మరాదనియు. విండోసు ఫైళ్లే చెడినవని తోచినచో, ఇంటర్నెట్టు ఉన్నవేళ డి.ఐ.ఎస్.ఎమ్. అను దానిని, పిమ్మట ఎస్.ఎఫ్.సి. అను దానిని నడపుడు. అవి చెడిన ఫైళ్లను సరిచూచి మంచివానిని పెట్టును. విండోసు 10కి సాధారణమైన ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14వ తేదితో నిలిచినవి. పాతయంత్రములు గలవారు దీనిని గూడ గమనింపవలయును.

ఇన్ని చేసినను తేలనిచో దుకాణమునకు గొనిపోవుటలో తప్పులేదు. కాని వట్టిచేతులతో పోరాదు. నోటుపుస్తకమును, తెర ఫొటోలను, మధ్యాహ్నపు మెమరీ పరీక్ష ఫలితమును చూపుడు. మమ్మడుగక తుడిచివేయవద్దని ముందుగనే చెప్పి రసీదుపై వ్రాయించుకొనుడు. భాగము మార్చినచో పాతభాగమును తిరిగి యిమ్మనుడు. మెమరీని మఱింత గట్టిగా పరీక్షించు మెమ్‌టెస్ట్86 గల పెన్‌డ్రైవునొకదానిని పాఠశాల ప్రయోగశాలలో నుంచినాము. కావలసిన విద్యార్థులు పుస్తకములో పేరు వ్రాసి శనివారము గొనిపోయి సోమవారము తేవచ్చును. పరీక్ష కొన్ని గంటలు పట్టును, ఎండవేళనే మొదలుపెట్టుడు.